డి రౌటర్ మీది ఆ ఐదు జంట గన్లు ఎవరి పని? స్వీడన్‌దా, జర్మనీదా, డచ్ వాళ్ళదా?

అట్టముక్కల_ఓడలు
డచ్ క్రూయిజర్ డి రౌటర్‌ని 1:200 కొలతలో అట్టతో కడుతున్నాను. అసలు ఓడ 171 మీటర్లు, నాది 85 సెంటీమీటర్లు. నాలుగు నెలలుగా ఇదే పని. పెద్ద గన్లు ఏడు (150 మి.మీ.) అయిపోయాయి. ఓడ వెనక భాగంలో గుంపుగా ఉండే ఐదు జంట 40 మి.మీ. గన్ల దగ్గర చెయ్యి ఆగిపోయింది. బోఫోర్స్ 40 మి.మీ. నాకు కొత్త కాదు, ఇదివరకు రెండు మోడళ్ళకు చేశాను. ఇవి అలా లేవు. గొట్టాల చుట్టూ ఏవేవో పెట్టెలు, కింద ఊయల లాంటి చట్రం. పాత ఫోటోల్లో చూస్తే గన్ మొత్తం డెక్‌కి ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. విరిగిపోయిందేమో అనుకున్నాను, కానీ అన్ని ఫోటోల్లోనూ అలాగే ఉంది.

ఇంకో తలనొప్పి. ఒకచోట స్వీడన్ గన్ అంటారు, ఒకచోట జర్మన్ సీమెన్స్ అంటారు, ఒకచోట డచ్ హాజెమేయర్ అంటారు. అసలు డచ్ వాళ్ళది తటస్థ దేశం కదా, వాళ్ళకు ఫిరంగుల కంపెనీలు ఎక్కడివి? తెలిసినవాళ్ళు ఓపిగ్గా చెప్పండి.

సాగర్_వైజాగ్
ముగ్గురిదీ నిజమే. గొట్టం స్వీడన్ బోఫోర్స్‌ది. దాన్ని మోసే ఆ ఊయల, లెక్కలు వేసే పెట్టెలు హెంగెలో ఊళ్ళో హాజెమేయర్ ఫ్యాక్టరీవి. ఆ ఫ్యాక్టరీ వెనక పెట్టుబడి, చదువు సీమెన్స్ వాళ్ళవి. ఒరిగి ఉండటం విరగడం కాదు. ఒరిగింది ఓడ, గన్ నిటారుగానే ఉంది!

మంచెమీద_మల్లన్న
బోఫోర్స్ అంటే రాజీవ్ గాంధీ కాలంలో గొడవ అయిన బోఫోర్సేనా?

గన్నర్_సుబేదార్
కంపెనీ అదే, గన్ వేరు. మనం 1986లో ఒప్పందం చేసుకున్నది 155 మి.మీ. హోవిట్జర్, మొత్తం 410. కార్గిల్‌లో కొండల మీదికి పేల్చినది అది. ఇక్కడ మాట్లాడుతున్నది విమానాలను కొట్టే చిన్న 40 మి.మీ. గన్, 1930ల నాటిది. ఆ పాతది నేను చేత్తో వాడాను. నాలుగు గుళ్ళ క్లిప్ పైనుంచి దించాలి. క్లిప్ 8 కిలోల పైనే. నిమిషానికి 120 గుళ్ళు మింగేస్తుంది, అందించేవాడికి చేతులు పడిపోతాయి.

చరిత్ర_చావడి
అట్టముక్కల గారూ, తటస్థ దేశానికి ఫిరంగుల కంపెనీలు ఎక్కడివని అడిగారు కదా. తటస్థ దేశం కాబట్టే వచ్చాయి.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ మీద విజేతలు పెట్టిన వెర్సాయ్ ఒప్పందం మీద 1919 జూన్ 28న సంతకాలు అయ్యాయి, 1920 జనవరి 10 నుంచి అమలు. జర్మన్ సైన్యం లక్ష మందికి మించకూడదు. ఫీల్డ్ గన్లు 77 మి.మీ.వి 204, హోవిట్జర్లు 105 మి.మీ.వి 84, అంతే. విజేతలు ఒప్పుకున్న ఫ్యాక్టరీల్లో తప్ప ఆయుధాలు తయారు చేయకూడదు. విదేశాలకు అమ్మడానికి తయారు చేయడం కూడా నిషేధం. ఎస్సెన్‌లో క్రుప్, డ్యూసెల్‌డార్ఫ్‌లో రైన్‌మెటల్, బెర్లిన్‌లో సీమెన్స్, యెనాలో దుర్బిణీల జైస్... అందరి దగ్గరా చెయ్యి తిరిగిన ఇంజినీర్లు ఉన్నారు, డ్రాయింగులు ఉన్నాయి, పని లేదు. పొరుగున హాలెండ్ ఉంది. యుద్ధంలో దిగలేదు, ఒప్పందంలో లేదు. జర్మన్ చక్రవర్తి కైజర్ కూడా 1918 నవంబర్‌లో అక్కడికే పారిపోయి తలదాచుకున్నాడు. మనుషులు దాటిన దారిలోనే డ్రాయింగులూ దాటాయి.

జైస్ వాళ్ళు 1921లో నెడిన్స్కో అనే డచ్ కంపెనీ పెట్టారు, తర్వాత అది వెన్లోలో స్థిరపడింది. సీమెన్స్ అండ్ హాల్స్కె మద్దతుతో 1922లో హెంగెలోలో హాజెమేయర్ సిగ్నల్ పరికరాల ఫ్యాక్టరీ వచ్చింది. అదే ఏడాది హేగ్‌లో జలాంతర్గాముల డిజైన్ ఆఫీసు ఒకటి మొదలైంది, దాని వెనక క్రుప్ వారి గెర్మానియా యార్డు, ఇంకో రెండు జర్మన్ యార్డులు. ఇక హెచ్.ఐ.హెచ్. సిడేరియస్ అని ఇంకోటి, జర్మన్ ఫిరంగుల వాళ్ళతో ముడిపడిన డచ్ కంపెనీ. మీరు అడిగిన ఫిరంగుల కంపెనీ అంటే ముందు దాని పేరే చెప్పాలి.

బందరు_కోట
క్రుప్ వాళ్ళు స్వీడన్‌లో బోఫోర్స్‌లో కూడా పెద్ద వాటా కొన్నారు. రైన్‌మెటల్ స్విట్జర్లాండ్‌లో సోలోతుర్న్ కంపెనీని 1929లో తీసుకుంది. అంటే హాలెండ్ ఒక్కటే కాదు.

చరిత్ర_చావడి
అవును. ఒక్కో దేశంలో ఒక్కో అవయవం. ఫిరంగి స్వీడన్‌లో, చిన్న ఆటోమేటిక్ గన్ స్విట్జర్లాండ్‌లో, జలాంతర్గామి డిజైన్, దుర్బిణీ, లెక్కల యంత్రం హాలెండ్‌లో. ఆ హేగ్ ఆఫీసు డిజైన్లతోనే ఫిన్లాండ్‌కీ స్పెయిన్‌లోనూ జలాంతర్గాములు కట్టారు. ఫిన్లాండ్‌లో కట్టిన వెసిక్కో తర్వాత జర్మన్ టైప్-2 జలాంతర్గాములకు నమూనా అయింది.

సిరిసిల్ల_సాంచా
ఇదంతా డచ్ ప్రభుత్వానికి తెలియకుండానే జరిగిందంటారా? నాకైతే నమ్మకం లేదు. అంత చిన్న దేశంలో ఫ్యాక్టరీ పెడితే ఊరంతా తెలుస్తుంది.

చరిత్ర_చావడి
తెలియకేం. హాజెమేయర్ మొదలైందే డచ్ నౌకాదళం కొత్త ఓడలకు గురి పరికరాలు చేయడానికి. ప్రభుత్వమే మొదటి కొనుగోలుదారు. వాళ్ళకు కావలసింది దొరికింది, జర్మన్లకు కావలసిన చోటు దొరికింది.

అట్టముక్కల_ఓడలు
సిడేరియస్ గన్లు డచ్ సైన్యం వాడిందా మరి?

గన్నర్_సుబేదార్
1940 మే నాటికి డచ్ సైన్యం దగ్గర ఉన్న ప్రధాన ఫిరంగులు చెబుతాను, మీరే చూసుకోండి. 7-వెల్డ్ అనే 75 మి.మీ. ఫీల్డ్ గన్ క్రుప్ డిజైన్, 1900ల మొదట్లోది. 10-వెల్డ్ అనే 105 మి.మీ. బోఫోర్స్‌ది, 1927 మోడల్. ట్యాంకులను కొట్టే 47 మి.మీ. ఆస్ట్రియా బోహ్లర్‌ది. ఇవి కాక 8-స్టాల్ అని 1880 నాటి క్రుప్ ఫిరంగులు కూడా లైన్‌లో నిలబెట్టారు. అరవై ఏళ్ళ ఫిరంగి! గొట్టం వెనక్కి తన్నే దెబ్బను మింగే ఏర్పాటు ఉండదు వాటికి. పేల్చిన ప్రతిసారీ బండి మొత్తం వెనక్కి జరుగుతుంది, మళ్ళీ తోసి మళ్ళీ గురి పెట్టాలి. నేను ఫిరంగి మనిషిని, ఆ కుర్రవాళ్ళ సంగతి తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

సొంత ప్రభుత్వ ఫ్యాక్టరీ ఒకటి ఉంది, జాన్‌డామ్ దగ్గర హెంబ్రుగ్‌లో ఆర్టిలరీ-ఇన్‌రిఖ్టింగెన్. పేరులో ఆర్టిలరీ ఉన్నా దాని ప్రధానమైన పని రైఫిళ్ళు, మందుగుండు.

సిరిసిల్ల_సాంచా
అదే నా మాట. ఇన్ని కంపెనీలు పెట్టుకుని 1940లో ఐదు రోజుల్లో లొంగిపోయారు. మే 10న దాడి, 14 సాయంత్రానికి అయిపోయింది. మరి ఎవరికి పనికొచ్చాయి ఈ కంపెనీలు?

గన్నర్_సుబేదార్
ఐదు రోజులే కానీ ఊరికే పోలేదు తమ్ముడూ. హేగ్ చుట్టూ పారాట్రూపర్లను దించడానికి వచ్చిన జంకర్స్ రవాణా విమానాలు వందకు పైగా పోగొట్టుకున్నారు జర్మన్లు. కొన్ని గాలిలో కూలాయి, కొన్ని దిగిన చోటే కాలిపోయాయి. డచ్ సైన్యం తక్కువ డబ్బుతో చేసిన మంచి పని విమాన నిరోధక గన్లు కొనడమే.

హెంగెలో_శిరీష
నేను ఉండేది హెంగెలోలోనే, ఏడేళ్ళయింది. ఇక్కడి నుంచి జర్మన్ సరిహద్దు సైకిల్ మీద వెళ్ళిపోవచ్చు. వెన్లో కూడా సరిహద్దు ఊరే, నెడిన్స్కో కట్టిన టవర్ భవనం ఇప్పటికీ అక్కడ నిలబడి ఉంది. మ్యాప్ చూస్తే ఈ ఊళ్ళనే ఎందుకు ఎంచుకున్నారో అడగక్కర్లేదు.

మీరు చెబుతున్న హాజెమేయర్ సిగ్నల్ ఫ్యాక్టరీ ఇప్పుడు థేల్స్ నెదర్లాండ్స్. మా ఇంటి నుంచి పది నిమిషాలు. కాంపౌండ్‌లో రాడార్లు పెట్టిన ఎత్తైన కట్టడాలు కనిపిస్తుంటాయి. నేను రోజూ వాటి ముందు నుంచే మా పాపని బడికి తీసుకెళ్తాను, వాటికి ఇంత కథ ఉందని ఈ రోజే తెలిసింది.

సాగర్_వైజాగ్
అమ్మా శిరీషా, మీ ఊరి పేరు నేను ఇరవై ఏళ్ళు రోజూ చదివాను. యుద్ధం అయ్యాక డచ్ ప్రభుత్వం ఆ ఫ్యాక్టరీని తీసుకుని హాలండ్సె సిగ్నాల్ అపరాటెన్ అని పేరు మార్చింది. 1956 నుంచి ఫిలిప్స్ చేతిలో, 1990లో థామ్సన్-సి.ఎస్.ఎఫ్. చేతికి, 2000లో థేల్స్ అయింది. మన నౌకాదళం నీలగిరి తరగతి ఫ్రిగేట్లలో సిగ్నాల్ రాడార్లు ఉండేవి, తర్వాత మన ప్రభుత్వ కంపెనీ బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్ళు లైసెన్స్ తీసుకుని ఇక్కడే సిగ్నాల్ రాడార్లు తయారు చేశారు. నేను ఫైర్ కంట్రోల్ మెకానిక్‌ని. ప్రతి పెట్టె మీదా ఇత్తడి పలక ఉండేది, దాని మీద మీ ఊరి పేరు. ఆ ఊరు ఎలా ఉంటుందో అని అప్పట్లో చాలాసార్లు అనుకున్నాను.

హెంగెలో_శిరీష
అంకుల్, రేపే వెళ్ళి మీకోసం గేటు దగ్గర నుంచి ఊరి ఫోటోలు తీసి పెడతాను. లోపలికి మాత్రం రానివ్వరు!

మంచెమీద_మల్లన్న
సాగర్ గారూ, "ఒరిగింది ఓడ, గన్ కాదు" అన్నారు. అది కాస్త నాలాంటి రైతుకు అర్థమయ్యేలా చెప్పండి.

సాగర్_వైజాగ్
మీ హ్యాండిల్ చూస్తేనే తెలుస్తోంది, మీకు సగం తెలుసు. జొన్న చేలో మంచె మీద కూర్చుని వడిసెలతో పిట్టల్ని కొట్టారా ఎప్పుడైనా? ఎగిరే పిట్ట మీదికే విసిరితే రాయి వెళ్ళేసరికి పిట్ట ఉండదు. ముందుకు విసరాలి. ఎంత ముందుకు? పిట్ట ఎంత వేగంగా పోతోంది, ఎంత దూరంలో ఉంది, రాయికి ఎంతసేపు పడుతుంది, మూడూ చూసుకోవాలి. మీ చెయ్యి అలవాటుగా ఆ లెక్క వేసుకుంటుంది. ఇప్పుడు ఆ మంచె నాలుగు గుంజలూ గాలికి ఊగుతున్నాయనుకోండి. అదీ ఓడ మీద గన్నర్ పరిస్థితి.

గన్‌కి మామూలుగా రెండు కదలికలు: చుట్టూ తిరగడం, పైకి లేవడం. నేల మీద అవి చాలు. ఊగే డెక్ మీద చాలవు. హాజెమేయర్ వాళ్ళు మూడో కదలిక పెట్టారు: గన్ మొత్తాన్ని పక్కవాటుగా ఒరగనిచ్చే ఊయల. లోపల గైరో, అంటే బొంగరం. వేగంగా తిరిగే బొంగరం తన నిటారు వదలదు కదా. ఓడ ఎటు ఎంత ఒరిగిందో అది చెబుతుంది, మోటార్లు గన్‌ని అంతే ఎదురు తిప్పుతాయి. అట్టముక్కల గారి ఫోటోలో కనబడినది అదే.

లెక్కల_మాస్టారు
మూడో కదలిక ఎందుకు తప్పదో నిచ్చెనతో చెప్పొచ్చు. ఎగుడుదిగుడు నేల మీద నిచ్చెన వేస్తే అడుగున అంగుళం తేడా ఉన్నా పై మెట్టు దగ్గర అడుగు పక్కకు పోతుంది. ఎత్తు పెరిగేకొద్దీ తప్పు పెరుగుతుంది.

అంకెల్లో చూడండి. విమానం 2000 మీటర్ల దూరంలో, 45 డిగ్రీల ఎత్తులో ఉంది. డెక్ పక్కకు 5 డిగ్రీలు ఒరిగింది, దాన్ని ఎవరూ సరిచేయలేదు. గుండు సుమారు 120 మీటర్లు పక్కగా పోతుంది. 5 డిగ్రీలంటే సముద్రంలో ఏమీ కాదు. ఇక ముందుకు కొట్టే లెక్క: గంటకు 360 కి.మీ. వేగం అంటే సెకనుకు 100 మీటర్లు. గుండు అక్కడికి చేరడానికి సుమారు 3 సెకన్లు. అంటే విమానానికి 300 మీటర్ల ముందు గురి పెట్టాలి. ఈ రెండు లెక్కలూ క్షణక్షణం మారుతుంటాయి. కాగితం మీద నాకే రెండు నిమిషాలు పట్టింది.

అట్టముక్కల_ఓడలు
ఆ చుట్టూ ఉన్న పెట్టెలు ఈ లెక్క వేసేవా? 1930ల్లో కంప్యూటర్లు లేవు కదా.

సాగర్_వైజాగ్
లేకపోవడమేం, మరచక్రాలతో చేసిన కంప్యూటర్లు అవి. గన్ మీద కూర్చున్నవాడు విమానాన్ని అద్దంలో పట్టుకుని వెంటాడతాడు. ఎంత వేగంగా వెంటాడుతున్నాడో అదే విమానం కోణం మారే వేగం. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ కూడా ఆ మౌంటింగ్ (గన్‌ని మోసే చట్రం) మీదే ఉంటుంది. ఈ రెండూ కలిపి యంత్రం ముందుకు ఎంత కొట్టాలో తేల్చి గొట్టాన్ని అటు జరుపుతుంది. అంతకుముందు ఈ పనంతా చేయడానికి ఓడ మధ్యలో పెద్ద గది, డజను మంది మనుషులు కావాలి. హెంగెలో వాళ్ళు దాన్ని గన్ మీదికే ఎక్కించారు. డి రౌటర్ నౌకాదళంలో చేరింది 1936లో. ఆ కాలంలో అంతకన్నా ముందున్న ఏర్పాటు నాకు తెలిసి ఇంకే నౌకాదళంలోనూ లేదు.

పాత_రేడియో
ముందున్నదే, కానీ పనిచేసిందా అన్నది అసలు ప్రశ్న. డి రౌటర్ మీద ఆ ఐదింటినీ ఒకేచోట వెనక పెట్టారు. ముందు వైపు నుంచి వచ్చే విమానానికి దారి వదిలినట్టే. 1942 ఫిబ్రవరి 4న జపాన్ బాంబర్లు ఫ్లోరెస్ సముద్రంలో దాడి చేసినప్పుడు దగ్గరలో పడిన బాంబుకే ఆ గన్ల గురి ఏర్పాటు దెబ్బతింది. అదే నెల 27 రాత్రి జావా సముద్రంలో టార్పెడో తగిలి ఓడ మునిగింది, అడ్మిరల్ కారెల్ డోర్మాన్‌తో సహా. అంత నాజూకు యంత్రం యుద్ధానికి సరిపోదు అంటాను నేను.

సాగర్_వైజాగ్
టార్పెడోకీ విమాన నిరోధక గన్‌కీ ఏమిటి సంబంధం? అన్నీ ఒకేచోట పెట్టడం ఓడ డిజైన్ చేసినవాళ్ళ తప్పు, అది ఒప్పుకుంటాను. దాన్ని మౌంటింగ్ మీదికి నెట్టకండి.

పాత_రేడియో
నెట్టడం లేదు. బ్రిటిష్ వాళ్ళ అనుభవం చూడండి. 1940 మేలో సముద్రంలో మందుపాతరలు వేసే డచ్ ఓడ (మైన్‌లేయర్) విల్లెమ్ వాన్ డర్ జాన్ ఈ మౌంటింగులతో ఇంగ్లండ్ చేరింది. బ్రిటిష్ వాళ్ళు చూసి అబ్బురపడి కాపీ చేశారు, మార్క్-4 అన్నారు, దాని మీద 282 రాడార్ కూడా ఎక్కించారు. ఓడల మీద వాడితే ఏమైంది? ఉప్పునీరు తగిలి సర్క్యూట్లు పాడవడం, గన్ పేలిన ప్రతిసారీ అదురుకి సర్దుబాట్లు తప్పడం. చివరికి మార్క్-5 అని సాదా మౌంటింగ్ చేసుకుని దీన్ని తప్పించారు. అమెరికన్లు మొదటి నుంచీ లెక్క వేసే గైరో సైట్‌ని గన్‌కి దూరంగా వేరే చోట పెట్టారు, అదురు తగలదు, పొగ తగలదు. వాళ్ళది తెలివైన పని.

సాగర్_వైజాగ్
అదురు సంగతి మీరన్నది ముమ్మాటికీ నిజం. నా అనుభవం చెబుతాను. నేను పనిచేసిన ఓడల్లో ఒకదాని మీద, హాజెమేయర్ కాదు, చాలా తర్వాతి తరం పరికరం. వర్షాకాలం, బంగాళాఖాతం. ఒక కుర్రాడు కనెక్టర్ మూత రబ్బరు వాషర్ సరిగా కూర్చోబెట్టలేదు. రాత్రి నీళ్ళు దిగాయి. పొద్దున పరీక్షకు పవర్ ఇస్తే గన్ తనంతట తానే మెల్లగా ఎడమ వైపుకు జరగడం మొదలుపెట్టింది. మనుషులు ఉన్నారు అటు. పవర్ తీసేసేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. ఆ రోజు నుంచి ప్రతి వాషర్‌ని నేనే వేలితో తడిమి చూసేవాణ్ణి. 1970ల పరికరానికే అంత టెన్షన్ ఉంటే, 1930ల్లో ప్లాస్టిక్ సీళ్ళు కూడా లేని కాలంలో ఆ డచ్ మెకానిక్‌లు ఎలా నెట్టుకొచ్చారో అని దండం పెడతాను.

కానీ ఒకటి. డచ్ వాళ్ళు శాంతి కాలంలో, ఏరి కోరి తర్ఫీదు ఇచ్చిన మెకానిక్‌లతో దాన్ని నడిపారు. బ్రిటిష్ వాళ్ళు యుద్ధం మధ్యలో, మూడు నెలల ట్రైనింగ్ కుర్రాళ్ళకు ఇచ్చారు. తేడా అక్కడ కూడా ఉంది.

గన్నర్_సుబేదార్
సాగర్ గారి చివరి మాటకు నా ఓటు. మంచి యంత్రం చెయ్యి తిరిగినవాడి కింద ఒకలా, కొత్తవాడి కింద ఇంకోలా ఉంటుంది.

బందరు_కోట
అమెరికన్ల ప్రసక్తి వచ్చింది కాబట్టి. వాళ్ళ నౌకాదళం బోఫోర్స్ 40 మి.మీ. తీసుకోవడం వెనక కూడా డచ్ ఓడే ఉంది. 1940 ఆగస్టులో వాన్ కిన్స్‌బెర్గెన్ అనే ఎస్కార్ట్ ఓడ ట్రినిడాడ్ దగ్గర సముద్రంలో అమెరికన్ అధికారులకు ఈ గన్లు పేల్చి చూపించింది. అప్పటికి హాలెండ్ జర్మన్ల చేతిలో ఉంది, ఓడలు మాత్రం తమ జెండాతో తిరుగుతున్నాయి. తర్వాత క్రైస్లర్ కార్ల కంపెనీ ఆ గన్‌ని వేలల్లో చేసింది. స్వీడన్ డ్రాయింగుల్లో కొన్ని భాగాలకు "కూర్చేటప్పుడు ఆకురాయితో రుద్ది సరిచేయాలి" అన్న తరహా సూచనలు ఉండేవి. కార్ల లైన్‌లో అలా కుదరదు కాబట్టి మొత్తం కొలతలు తిరగరాసుకున్నారు.

సిరిసిల్ల_సాంచా
సాంచాల మీద బతికిన ఇంటివాణ్ణి, ఆకురాయి మాట వింటే ప్రాణం లేచొచ్చింది. మా నాన్న పాత పవర్‌లూమ్‌కి కొత్త భాగం వస్తే ముందు రుద్దే కూర్చోబెట్టేవాడు. సరే, నా ప్రశ్నకు జవాబు దొరికింది. ఆ కంపెనీల పని డచ్ నేలను కాపాడలేదు కానీ సముద్రం దాటి వేరే చోట పనికొచ్చింది.

చరిత్ర_చావడి
అందులో నాకు ఎప్పుడూ మనసులో మెదిలే సంగతి ఒకటి ఉంది. వెర్సాయ్ నుంచి తప్పించుకోవడానికి జర్మన్లు హెంగెలోలో పెట్టుకున్న పని చివరికి జర్మన్ విమానాల మీదే పేలింది.

పాత_రేడియో
అలా అంటే మొత్తం ఘనత జర్మన్లకే ఇచ్చినట్టు. పదిహేను ఏళ్ళు డచ్ నౌకాదళం డబ్బుతో, డచ్ ఓడల మీద పరీక్షలు చేసి తీర్చిదిద్దారు. డచ్ వాళ్ళకు సొంత బుర్ర లేదన్నట్టు మాట్లాడొద్దు. హేగ్‌లో వాన్ వైలర్ అనే ఆయన స్టాల్ అనే సహచరుడితో కలిసి సొంతంగా రాడార్ తయారు చేశాడు. 1940లో ఇద్దరూ ఇంగ్లండ్ దాటారు, దాన్ని డచ్ డిస్ట్రాయర్ ఐజాక్ స్వీర్స్ మీద ఎక్కించారు. అందులో సీమెన్స్ లేదు, జైస్ లేదు.

చరిత్ర_చావడి
రాడార్ విషయంలో మీతో వాదన లేదు. హాజెమేయర్ విషయంలో మాత్రం పుట్టుక సీమెన్స్ వల్లే అంటాను. పెంపకం డచ్ వాళ్ళది, అది ఒప్పుకుంటాను.

పాత_రేడియో
పెంపకం అన్నారు, చాలు. ఇక్కడితో ఆపుతాను.

బందరు_కోట
మా ఊరి ముచ్చట ఒకటి. డచ్ ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో వ్యాపార కొఠీ పెట్టారు, వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. అదే బందరులో ఇప్పుడు బెల్ యూనిట్ ఉంది. ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీగా 1926లో మొదలై 1983లో బెల్‌లో కలిసింది. అద్దాలు, దుర్బిణీలు, రాత్రి చూపు పరికరాలు చేస్తారు. నెడిన్స్కో సంగతి చదువుతుంటే మా ఊరి ఫ్యాక్టరీయే కళ్ళ ముందు మెదిలింది.

మంచెమీద_మల్లన్న
నిచ్చెన, బొంగరం, వడిసెల. ఇంత పెద్ద యుద్ధ యంత్రం మా ఊరి సామాన్లతో అర్థమైపోయింది. మా మనవడికి సాయంత్రం చెబుతాను.

అట్టముక్కల_ఓడలు
అందరికీ చెప్పలేనంత కృతజ్ఞత. నేను ఐదు మౌంటింగులూ డెక్‌కి సమాంతరంగా, ఒకే తీరున అతికించబోయాను. మోడల్‌ని అలల మీద పెట్టాలని ముందే అనుకున్నాను, ఓడ కుడి పక్కకు కాస్త ఒరిగినట్టు. అంటే గన్లు డెక్‌తో పాటు ఒరగకూడదు, అవునా?

సాగర్_వైజాగ్
కరెంటు ఉంటే ఒరగకూడదు. ఓడ కుడికి 4 డిగ్రీలు ఒరిగితే గన్ ఊయల ఎడమకు 4 డిగ్రీలు. మీ బల్ల మీద రసమట్టం పెట్టి చూసుకోండి, నీటి మట్టానికి సమంగా రావాలి, డెక్‌కి కాదు. కరెంటు లేకుండా రేవులో ఉన్నట్టు చూపిస్తే మాత్రం డెక్‌తో పాటే ఉంచండి.

హెంగెలో_శిరీష
అంకుల్, ఫోటోలు తీశాను. సాయంత్రం వాన పడుతోంది, ఆ రాడార్ కట్టడాలు మసకగా వచ్చాయి. రైల్వే స్టేషన్, ఊరి బోర్డు బాగా వచ్చాయి. 1944 అక్టోబర్‌లో మిత్రరాజ్యాల బాంబులకు ఊరి నడిబొడ్డు చాలావరకు పోయింది, అందుకే ఇక్కడ పాత భవనాలు తక్కువ. రాత్రికి పెడతాను.

సాగర్_వైజాగ్
బోర్డు ఒక్కటి చాలమ్మా.

అట్టముక్కల_ఓడలు
నాలుగు మౌంటింగులు మళ్ళీ విప్పాను. అడుగున చిన్న చెక్క ముక్క పెట్టి 4 డిగ్రీలు ఎదురు తిప్పాను, రసమట్టంలో బుడగ మధ్యలో నిలబడింది. ఇప్పుడు అచ్చం ఫోటోలో లాగే ఉంది. ఐదోది ఇంకా అతికించలేదు. 1942 ఫిబ్రవరి 4 సాయంత్రం నాటి ఓడగా చూపిస్తే ఐదూ డెక్‌తో పాటే ఒరిగి ఉండాలేమో. ఏ రోజు ఓడను చూపించాలో తేల్చుకున్నాక జిగురు వేస్తాను.

సాగర్_వైజాగ్
1936 ఓడగా చూపించండి. కొత్త రంగుతో, అన్నీ పనిచేస్తున్న రోజు.